తంగేటి పొద: విద్యాలయముల కొక విన్నపము

పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదని మనవారి సామెత. కంటియెదుట నిత్యము నుండు వస్తువును మానవుడు గౌరవింపడని దాని భావము. తంగేటి పొద విషయమున మనము ఈ సామెతను దాటి మఱియొక యడుగు ముందునకు వేసితిమి. అది పెరటిలో నున్నంతకాలము దాని విలువను గుర్తింపలేదు. నేడు విలువను గుర్తించితిమి గాని అది మన పెరటిలో లేదు. 2014వ సంవత్సరమున తెలంగాణ రాష్ట్ర మేర్పడినది. ఆ యేడాదియే బతుకమ్మ రాష్ట్రపు పండుగ యైనది. తంగేడు రాష్ట్రపు పూవైనది. పుస్తకములలో దాని బొమ్మ యున్నది, ప్రశ్నపత్రములలో దాని పేరున్నది. అయినను వారాసిగూడ సందులలోను, సీతాఫల్‌మండి వీధులలోను, తార్నాక రహదారి ప్రక్కలను పెరుగుచున్న బాలబాలికలలో ఎందఱు దానిని కొమ్మమీద చూచియుందురు? నేను నా తరగతిలో ఈ ప్రశ్న వేసితిని. పూవు నెఱుగుదుమని దాదాపు అందఱును చేతులెత్తిరి. ఆకు ఎట్లుండునో, కాయ ఎట్లుండునో చెప్పగలవారు మిక్కిలి కొద్దిమంది. వారు దానిని అంగడిలో కట్టలుగా చూచినవారే గాని నేలమీద చూచినవారు కారు.

కావున ఈ వ్యాసమున నేను చేయు విన్నపము చిన్నది. మన ప్రాంతమునందలి ప్రతి విద్యాలయమును తన ఆవరణములో తంగేటిని విత్తనము నుండి పెంచవలెను. పెంచిన దానిని ఉపయోగింప నేర్వవలెను. అడవిలో మిగిలిన పొదలను దోచుకొనుట మానవలెను. ఇది తోటమాలికి సంబంధించిన విషయమని కొందఱు తలంపవచ్చును. ఇది విద్యకు సంబంధించిన విషయమని నా నమ్మకము. కారణములను మనవిచేసెదను.

మొదట మొక్కను గూర్చి. తంగేడు చిక్కుడు, కంది మొదలగువాని కుటుంబమునకు చేరిన గుబురుపొద. సాధారణముగా నిలువెత్తు పెరుగును. అనుకూలమైన చోట అంతకుమించియు పెరుగును. ఒక్కొక్క ఈనెకు ఇరుప్రక్కల జంటజంటలుగా చిన్న ఆకులుండును. ఈనె మొదట చెవి ఆకారముగల రెండు పెద్ద పత్రపుచ్ఛములు కనబడును. 1753వ సంవత్సరమున స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఈ మొక్కకు నామకరణము చేయునపుడు ఈ చెవులనే గుఱుతుగా గైకొని ఆరిక్యులాటా, అనగా చెవులు గలది, అని పేరిడెను. ఆయన దీనిని కాసియా జాతిలో చేర్చెను; నేటి శాస్త్రజ్ఞులు సెన్నా జాతిలో చేర్చుచున్నారు. ఈ రెండవ పేరునకు ప్రక్కన రాక్స్‌బర్గు పేరు వ్రాయుట యాచారము. ఆయన సామర్లకోటలో తోటవేసి తెలుగుదేశపు మొక్కలను ఏండ్లతరబడి పరిశీలించిన వైద్యుడు. ప్రపంచమంతట వాడు ఈ పేరులో మన తెలుగునేల జ్ఞాపకము కూడ నిమిడియున్న దన్నమాట. తంగెడ, తంగడపల్లి వంటి మన గ్రామముల పేర్లును ఈ పొదనే తలపునకు తెచ్చుచున్నవి.

ఇది పచ్చికబయళ్లలోను, రాతిగుట్టల వాలులలోను, చౌడునకు దగ్గఱైన యెఱ్ఱనేలలోను పెరుగును. మన ప్రాంతమంతయు అట్టి నేలయే. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చోటుగా నేర్పడిన అడిక్‌మెట్టు మిట్ట నల్లరాతి గుండ్లతో, పలుచని మట్టితో, ముళ్లపొదలతో నిండిన భూమి. 1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయమునకు ఆర్ట్సు కళాశాలాభవనము 1939లో ప్రారంభింపబడినది. రాతితో గట్టిన ఆ భవనమును చూడ దేశదేశములనుండి వచ్చుచున్నారు. ఆ రాయిని కన్న నేలయే తంగేటిని కూడ కన్నదని తలంచువారు అరుదు. ఇట్టి నేలను మన లెక్కల పుస్తకములలో బంజరు అందురు. బంజరు అనగా ఏమియు లేనిదని విద్యార్థి అర్థము చేసికొనును. దున్ననంత మాత్రమున నేల వట్టిది కాదు. పచ్చిక, గునుగు, తంగేడు, రేగు, సీతాఫలము, వానిమీద బ్రదుకు పురుగులు, పక్షులు అన్నియు నక్కడనే యున్నవి. బంజరన్న యొక్క మాట ఇవన్నియు మన కంటికి కానరాకుండ చేసినది. కనబడని దానిని తొలగించుటకు ఎవరికిని సంకోచముండదు గదా!

తంగేటి పూవును దగ్గఱగా పరీక్షించిన విద్యార్థికి ఒక చక్కని పాఠము లభించును. దానియందు తేనె లేదు. అయినను నల్లని పెద్ద తుమ్మెదలు దానిని వెదకికొని వచ్చును. ఏల యనగా అవి పుప్పొడికొఱకు వచ్చును. పూవులోని పది కేసరములలో పైనున్న మూడు గొడ్డువి. తక్కినవాని పుప్పొడితిత్తులు ఇతరపూలయందువలె నిలువున చీలవు. కొనయందు చిన్న రంధ్రము మాత్రముండును. తుమ్మెద పూవును కాళ్లతో పట్టుకొని ఒడలిని గట్టిగా కంపింపజేయగా ఆ రంధ్రమునుండి పుప్పొడి ఉప్పుడబ్బానుండి ఉప్పు రాలినట్లు రాలును. ఆ రొద మనకు వినబడును. ఇక ఆకులమీద లేతపసుపు, తెలుపు రంగుల సీతాకోకచిలుకలు గ్రుడ్లు పెట్టును. వాని ఆకుపచ్చని పురుగులు ఆ ఆకులనే తిని పెరుగును. ఈ రెండు సంగతులను నల్లబల్లమీద బొమ్మవేసి నేర్పుట కంటె కిటికీప్రక్క నొక పొద నుంచి చూపుట మేలు. ప్రకృతిశాస్త్రపు గంటలో నలుబదినిమిషములు చెప్పినను ఎక్కని విషయము, తుమ్మెద రొద విన్న ఒక్క నిమిషమున నెక్కును.

ఇక ఉపయోగములు. పూర్వము రైతులు తంగేటి ఆకును కొమ్మలతో గూడ కోసి వరిమడిలో పఱచి త్రొక్కించెడివారు. అది పచ్చిరొట్ట యెరువు. పుల్లలు పండ్లుతోముటకు పనికివచ్చును. పశువులు దీనిని అంతగా ముట్టవు గనుక కంచెగా నిలుచును. సింహళమున దీని ఆకును తేయాకునకు బదులుగా కాచి త్రాగెడివారు. దానిని మాతర తేనీరందురు. తమిళదేశమున దీనిని ఆవారము అందురు. పూలను నీడను ఎండబెట్టి పొడిచేసి సున్నిపిండిలో కలిపి స్నానమునకు వాడుదురు, కషాయముగా కాచి త్రాగుదురు.

అన్నింటికంటె గొప్ప యుపయోగము బెరడునందున్నది. దానిలో నూటికి సుమారు పదునెనిమిది పాళ్లు చర్మమును పదునుచేయు వగరుపదార్థ ముండును. పచ్చితోలును సున్నపునీట నుంచి, రోమములు తీసి, తంగేటి బెరడు నానవేసిన నీటిలో ఊరబెట్టగా అది కుళ్లక, గట్టిపడి, మెత్తనై తోలగును. మోటతిత్తి, చెప్పు, పలుపు అన్నియు ఈ విధముగా వచ్చినవే. చెన్నపట్టణమునుండి ఇంగ్లాండునకు ఓడలమీద వెళ్లిన పదునుచేసిన తోళ్లకు ఈ బెరడే ఆధారము. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆల్ఫ్రెడ్ చాటర్‌టన్ చెన్నపట్టణమున క్రోమియపు లవణములతో తోలు పదునుచేయు పద్ధతిని ప్రవేశపెట్టెను. దక్షిణాఫ్రికానుండి వాటిల్ అను తుమ్మజాతి చెట్టు బెరడు దిగుమతియై తంగేటి బెరడును త్రోసివేసెను. నేడు ఆ గుంటలు పూడిపోయినవి.

ఇచ్చట నొక మాట సూటిగా చెప్పవలసియున్నది. ఈ యొక్క పొదకు మన సంఘము రెండు మర్యాదలు జరపినది. దాని పూవును పళ్లెమున పేర్చి నెత్తిన పెట్టుకొన్నది. దాని బెరడును దంచి, ఆ వగరునీటిలో చేతులు నానవేసి, ఊరంతటికి చెప్పులు కుట్టిన మాదిగవానిని ఊరిబయట నుంచినది. పూవునకు పూజ, బెరడు పట్టిన చేతికి అంటరానితనము! చర్మము నెట్లు పదును చేయవలెనో, బెరడు ఎన్నవయేట తీయవలెనో, ఎన్నిదినములు ఊరవేయవలెనో ఎఱిగినవాడు రసాయనశాస్త్రమునే యెఱిగినవాడు. కాని అతనిని శాస్త్రజ్ఞుడని ఎవరును పిలువలేదు. తెలుగుదేశపు క్రైస్తవసంఘములలో పెక్కుమంది పూర్వులు ఈ వృత్తివారే. ఒంగోలు ప్రాంతపు సంఘచరిత్రలో తొలుత వినబడు యెఱ్ఱగుంట్ల పేరయ్యగారు తోళ్ల వర్తకము చేసినవారు. యొప్పేలో పేతురు అనేకదినములు బసచేసినది సీమోనను చర్మకారుని యింటనే యని మనము పరిశుద్ధగ్రంథమున చదువుదుము. ఆ యిల్లు సముద్రపుదరి నుండెనని కూడ చదువుదుము. అట్టి పొదను మన పాఠశాలలో నాటినపుడు పూవు చరిత్రను మాత్రమే చెప్పి బెరడు చరిత్రను మఱచుట న్యాయము కాదు. తాతల పనిని తలంచి సిగ్గుపడు విద్యార్థి యెవడైన నున్నచో, సిగ్గుపడవలసినది ఆ పని చేసినవారు కారనియు, ఆ పని ఫలమును తొడుగుకొని తిరిగి వారిని దూరముంచిన వారనియు ఈ పొద ప్రక్కను నిలిచి చెప్పవలెను.

ఔషధగుణములను గూర్చి కొంచెము జాగ్రత్తగా మాటలాడుదము. తంగేటి పూలు మధుమేహమునకు మందని పల్లెలలో చిరకాలముగా చెప్పుకొందురు. సంస్కృతమున ఆవర్తకీ అను పేరుతో వైద్యగ్రంథములలోను ఇది యున్నది. 2002లో అణ్ణామలై విశ్వవిద్యాలయపు పరిశోధకులు పూల సారమును మధుమేహము కలిగింపబడిన ఎలుకలకిచ్చి, రక్తములోని చక్కెర తగ్గుట గమనించి ప్రకటించిరి. ఇది ఆశాజనకమైన విషయమే. కాని ఎలుకయందు కనబడినది మనుష్యునియందు స్థిరపడుటకు చాలదూరమున్నది. తంగేటి కషాయమును నమ్మి వైద్యుడిచ్చిన మాత్రలను మానుట ప్రమాదము. మన తార్నాకలోనే, 1958లో కూనూరు నుండి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ యున్నది. తూచి, కొలిచి, పరీక్షించి, అటుపిమ్మట నమ్ముట అనునది మన వాడకు పొరుగింటి యలవాటు. ఆ యలవాటునే తంగేటి విషయమునను పాటింపుదము.

ఇక పండుగ. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిది దినములు సాగి సద్దుల బతుకమ్మతో ముగియు ఈ పూలపండుగలో తంగేడు, గునుగు ప్రధానములు. వానలు వెనుకపట్టి నేల పచ్చగా నున్న ఆ దినములలోనే తంగేడు విరగబూయును. పండుగ పూవునుబట్టి పుట్టినదే గాని పూవు పండుగనుబట్టి పుట్టలేదు. పూర్వము ఆడపిల్లలు వేకువనే లేచి చేలగట్లకు పోయి ఒడినిండ కోసికొని వచ్చెడివారు. కోసినవారికి పొద యెక్కడ నున్నదో, నిరుటికంటె ఈయేడు పూత హెచ్చో తగ్గో తెలిసియుండెడిది. నేడు ఊరి చుట్టునున్న గుట్టలు ఇండ్లస్థలములైనవి. పూలు దూరపు గ్రామములనుండి బండ్లమీద వచ్చును. అంగడికి కోయువాడు పూవును త్రుంచడు, కొమ్మను నఱకును; మొగ్గయు, పిందెయు, వచ్చు సంవత్సరపు విత్తనమును అన్నియు కట్టలో కట్టబడును. తంగేడు మొదలునుండి మరల చిగిర్చు మొండిమొక్క యగుటచేత ఇన్నాళ్లు నిలిచినది. ఎంతటి మొండిమొక్కయైనను ప్రతియేడును కాయ కాయనీయనిచో ఎన్నాళ్లు నిలుచును? మనము దానిని గౌరవించుచున్నామని తలంచుచునే దానిని తఱిగించుచున్నాము.

ఈ విన్నపమునకు వచ్చు ఆక్షేపణలను విచారింతము.

మొదటిది: ఇది అడవిమొక్క, అందమైన తోటమొక్కలుండగా దీని నేల నాటవలెనని. మనము అందముకొఱకు నాటుచున్న కాగితపుపూల తీగె బ్రెజిలునుండి వచ్చినది. బంతి మెక్సికోనుండి వచ్చినది. వచ్చినవానిమీద నాకు కోపము లేదు. బంతి లేని దసరాను, కోతపండుగనాడు బంతి లేని దేవాలయమును నేను ఊహింపలేను. కాని పరదేశపు మొక్కకు కుండీయు, ఎరువును, దినదినము నీరును ఇచ్చి, ఏమియు నడుగని యింటిమొక్కకు గోడవెలుపల చోటు చూపుట విచిత్రము. త్వరగా పచ్చనగునని నగరములలో రోడ్లవెంట నాటిన కోనోకార్పస్ సంగతి చూడుడు. గుజరాతు ప్రభుత్వము 2023లో దానిని నాటరాదని యుత్తరువు చేసినది. ముందు విచారించి నాటినచో పిమ్మట నిషేధింప నక్కఱలేదు.

రెండవది: మన వాడలో చోటేదియని. తంగేటికి తోట వలదు. గోడవారను రెండడుగుల మట్టిపట్టె చాలును. ఎండ మాత్రము తప్పక యుండవలెను. పాఠశాలల కంచెలు, దేవాలయపు ఆవరణములు, రైలుదారి ప్రక్కలు, విశ్వవిద్యాలయపు బండలనడుమ మట్టి, ఇవన్నియు దానికి పుట్టినిండ్లే.

మూడవది సున్నితమైనది. ఇది పూజాపుష్పము గదా, క్రైస్తవ పాఠశాలలో నాటుట తగునా యని మనవారిలో కొందఱడుగుదురు. పండుగ కొందఱిది కావచ్చును, పొద అందఱిది. మామిడాకు, అరటిబోదె, పసుపు వీనినెవరును మతమునుబట్టి పంచుకొనలేదు. అదియు గాక మన తరగతులలో బతుకమ్మ ఆడు బాలికలు ఎందఱో యున్నారు. పొరుగువాని పండుగకు మన పెరటిపూవు నిచ్చుట సౌజన్యమే గాని దోషము కాదు.

పెంచు విధమును చెప్పి ముగించెదను. చలికాలము గడచునప్పటికి కాయలు గోధుమరంగు తిరిగి, పలుచని కాగితమువలె గలగలలాడును. అప్పుడు కోసి యెండబెట్టి గింజలు తీసి పొడిసీసాలో దాచవలెను. గింజతోలు మిక్కిలి గట్టిది. ఊరక నాటిన చాలభాగము నెలలతరబడి నిద్రపోవును. కావున నీటిని మరగించి, దింపి, కొంచెము చల్లారిన పిమ్మట గింజలను వేసి రాత్రియంతయు నుంచవలెను. తెల్లవాఱునప్పటికి ఉబ్బినవి నాటుటకు సిద్ధము. ఉబ్బనివానిని గరుకుకాగితముమీద కొంచెము రుద్ది మరల నానవేయవలెను. జూను మాసమున తొలివానలు పడి నేల తడిసినపిమ్మట, మూడు నాలుగడుగుల యెడముతో జానెడు గుంటలు త్రవ్వి, మట్టిలో ఇసుకయు కొంచెము చివికిన యెరువును కలిపి, గుంటకు మూడేసి గింజలను అరయంగుళము లోతున వేయవలెను. మొలచినవానిలో బలమైన దానిని ఉంచి తక్కినవానిని తీసివేయవలెను. తల్లివేరు త్వరగా లోతునకు దిగును గనుక నాటినచోటనే పెరుగనిచ్చుట ఉత్తమము. సంచులలో పెంచుచో పొడుగైన సంచులు వాడి, ఆ వానకాలములోనే నేలకు మార్చవలెను. నీరు నిలుచు చోట నాటరాదు, వేరు కుళ్లును. మొదటి వేసవిలో పదునైదు దినములకొకసారి నీరు పోసిన చాలును. పిమ్మట వానయే దానికి తోటమాలి. ఆకులను పురుగు తినుచున్నదని మందు చల్లరాదు; ఆ పురుగే సీతాకోకచిలుక. రెండవయేటనో మూడవయేటనో పూత వచ్చును. పూత ముగిసి గింజలు తీసినపిమ్మట కొమ్మలను మూడవవంతు కత్తిరించినచో పొద గుబురుగా లేచును.

కోతకొక నియమము పెట్టుకొందము. మూడు గెలలలో ఒక్కటి మాత్రమే మనది. ఒకటి తుమ్మెదలది, ఒకటి వచ్చు సంవత్సరపు విత్తనముది. కొమ్మను విఱువక పూగెలను మాత్రమే త్రుంచవలెను. ప్రతి తరగతియు ఒక పుస్తకమున మొలకెత్తిన దినమును, తొలిపూత దినమును, వచ్చిన పురుగులను పక్షులను వ్రాయవలెను. పైతరగతికి పోవువారు ఆ పుస్తకమును క్రిందితరగతివారికి అప్పగింపవలెను.

ఇది కానిపని కాదు. అమెరికాలో పచ్చికబయళ్లు నాగలిక్రింద పోయి, పూలు పేరులుగా మాత్రమే మిగిలినపుడు, మాడిసన్ నగరమందలి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారు 1935వ సంవత్సరమున పాడుపడిన యొక పొలమును తీసికొని పూర్వపు పచ్చికబయలును మరల విత్త నారంభించిరి. ఎక్కడెక్కడనో మిగిలిన మొక్కలను, గింజలను సేకరించి తెచ్చిరి. పనిలేని యువకులు అందు పనిచేసిరి. తొంబదియేండ్లు దాటినను ఆ బయలు నేటికిని అచ్చటి విద్యార్థులకు పాఠశాలయై యున్నది. ఒక విశ్వవిద్యాలయపు ముంగిట జరిగిన పని మఱియొక విశ్వవిద్యాలయపు ముంగిట ఏల జరుగరాదు? వారు పోయిన దానిని వెదకి తెచ్చుకొనవలసివచ్చినది. మనది ఇంకను పూర్తిగా పోలేదు.

విద్యార్థులారా, మీరు ఈ సంచిక చదువు నాటికి తంగేటి కాయలు ఎక్కడనో ఎండుచుండును. సెలవులకు పల్లెకు పోవువారు ఒక్కొక్క గుప్పెడు గింజలు కాగితమున పొట్లము కట్టి, ఏ యూరి గట్టుమీద కోసితిరో పైన వ్రాసి తెండు. జూనులో బడి తెఱచునాటికి వాన వచ్చును; గుంటలు మనము త్రవ్వుదము.